అయస్కాంతానికి అంటని బండి

అంటుకుంటే ఇనుము, జారిపడితే పుట్టీ. సర్వేయరు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన నమ్ముకున్న శాస్త్రం ఇంతే.

బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లూ, పల్టీకొట్టిన కార్లూ చూసి, ఏది బతుకుతుందో ఏది బతకదో తేల్చి చెప్పడం ఆయన పని. లారీలూ బస్సులూ వేరే ఆయన చూసేవాడు, ఈయనకి కార్లే. చొక్కా జేబులో ఎప్పుడూ లాడం ఆకారపు చిన్న అయస్కాంతం ఒకటి ఉండేది. దాన్ని కారు ఒంటికి ఆనిస్తే టక్కున అంటుకోవాలి. అంటుకోలేదంటే, లోపలి రేకు తుప్పుకి బలైపోయిందనీ, ఎవరో పుట్టీ మెత్తి, సాపుచేసి, రంగుకొట్టి, ముసలమ్మని పెళ్ళికూతుర్ని చేసి తెచ్చారనీ అర్థం. అమ్మేవాళ్ళు ఎన్ని ఒట్లు పెట్టుకున్నా అయస్కాంతం మొహమాటపడేది కాదు. ఆయనా పడేవాడు కాదు. అందుకే ఊళ్ళో ‘అయస్కాంతం గారు’ అన్న పేరు స్థిరపడిపోయింది.

నిజానికి ఆ అయస్కాంతం ఆయన భార్యది. ఆవిడ బట్టలు కుట్టేది. మిషను చుట్టూ గుండుసూదులు రాలుతుంటే, సాయంత్రం కుట్టు ఆపాక అయస్కాంతానికి దారం కట్టి గదంతా ఈడ్చుకుంటూ తిరిగేది. “మీ కాలికి గుచ్చుకుంటే ఆ సణుగుడు వినాల్సింది నేనే కదా” అనేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన అడిగి తీసుకెళ్ళి, మళ్ళీ ఇవ్వలేదు. ఆవిడ అడగనూ లేదు; ఇంకోటి కొనుక్కుంది. ఆవిడ పోయాక ఆ రెండోది మిషను సొరుగులోనే ఉండిపోయింది, చివరిసారి ఏరిన సూదుల్ని గుత్తిగా పట్టుకుని. సొరుగు ఎప్పుడైనా తెరిస్తే, చూసి మూసేస్తాడు. ఆ సూదుల్ని విడదీయడానికి ఆయనకి చెయ్యి రాలేదు.

ఒకరోజు పొద్దున్నే మేనకోడలు వచ్చింది. ఆ అమ్మాయి పాల సొసైటీలో పశువుల డాక్టరు. గుమ్మంలో బురద బూట్లు విప్పుతూనే, “మామయ్యా, నీ అయస్కాంతం ఇంకా పనిచేస్తోందా?” అంది.

“నాకంటే బాగానే పనిచేస్తోంది. ఏం, కారు కొంటున్నావా?”

“కొనడం కాదు. ఉన్నది ఊడేట్టుంది.”

టీ తాగుతూ సంగతంతా చెప్పింది. సొసైటీ షెడ్డులో పాత ల్యాండ్ రోవర్ ఒకటుంది. ఇదివరకటి పెద్ద డాక్టరు దాని మీదే వాగు దాటి, అవతల మెట్టమీది ఇళ్ళకి వెళ్ళి పశువుల్ని చూసొచ్చేవాడు. ఆయన వెళ్ళిపోతూ బండితోపాటు ఆ మెట్టనీ ఈ పిల్లకి అప్పగించి వెళ్ళాడు. వాగు మీద వంతెన లేదు. ఇప్పుడు సొసైటీ కొత్త వ్యాను కొంది. తెల్లగా, ముద్దుగా, నేలకి ఆనుకుని ఉంటుంది. పాతదాన్ని తుక్కుకింద తీసుకుపోవడానికి గురువారం లారీ వస్తుందట.

“కొత్తది బాగుండదా?” అన్నాడు సర్వేయరు.

“బాగుంటుంది, ఒడ్డువరకూ. మొన్నటి వానకి ఒడ్డున ఆగిపోయింది. పాతదాని తాళాలు సెక్రటరీ గారి దగ్గరున్నాయి. అవతల ఆవు ఈనలేక అవస్థ పడుతోంది. నేను ఇవతల గొడుగేసుకుని నిలబడి, ‘చెయ్యి ఇలా పెట్టండి, కాలు అలా సర్దండి’ అని ఫోన్లో చెప్పాను. దూడ దక్కలేదు మామయ్యా.”

ఆ అమ్మాయి కప్పు కింద పెట్టి మళ్ళీ అంది: “నేను గోల చేస్తే సెక్రటరీ గారు ఒక మెట్టు దిగారు. అయస్కాంతం గారు చూసి బతుకుతుందంటే ఉంచుతాం, లేదంటే లారీ ఎక్కిస్తాం అన్నారు.”

“నేను నీ మామయ్యనని తెలిసే?”

“తెలిసే. ‘సొంత బావమరిది కొత్తగా కొన్న కారెక్కి, దిగేలోపు దానికి పుట్టీ ఉందని చెప్పిన మనిషి ఆయన, మేనకోడలికి మాత్రం అబద్ధం చెప్తాడా’ అన్నారు.”

ఆ బావమరిది ఏడాదిపాటు ఇంటి గడప తొక్కలేదు. అది వేరే సంగతి.

సొసైటీ షెడ్డులోకి అడుగుపెడితే పాల వాసన, ఫినాయిల్ వాసన కలగలిసి తగిలాయి. గోడవారగా పాల క్యాన్లు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి పక్కన, చోటు చాలక ఒదిగి నిలబడ్డ దున్నపోతులా ఉంది బండి. ఎక్కడా వంపూ సొంపూ లేదు. పక్కలు బల్లపరుపు, కప్పు బల్లపరుపు, అద్దాలు పక్కకి జరిపే రకం. బానెట్ మీద సొట్టలు, తలుపు మీద సొట్టలు. రంగు ఒకప్పుడు ఆకుపచ్చ. లోపల మామూలు గేరు రాడ్డు కాకుండా, పక్కన ఎర్ర బొడిపెతో ఒకటి, పసుపు బొడిపెతో ఒకటి పొట్టి రాడ్లు. బండి కింద ఓ పాత పళ్ళెం, అందులో నల్లటి నూనె.

“చూశారా?” అన్నాడు సెక్రటరీ. సన్నగా, పొడుగ్గా, చేతిలో ఎప్పుడూ తుడుపు గుడ్డతో ఉండే మనిషి. నేల మీద మరక కనిపిస్తే ఆయనకి ముద్ద దిగదు. “పూటపూటా ఆ పళ్ళెం పారబొయ్యడమే నా బతుకు. నేను పాల సొసైటీకి సెక్రటరీనా, దీనికి ఆయానా?”

“నూనె కారుతోందంటే లోపల నూనె ఉన్నట్టే కదండీ” అంది డాక్టరమ్మ.

“మీరు డాక్టరు కాబట్టి అలాగే అంటారు. నేను తుడిచేవాణ్ణి.”

సర్వేయరు జేబులోంచి అయస్కాంతం తీశాడు. ముందు బానెట్ మీద ఆనించాడు. అది జారి కింద పడింది. తీసి పక్కన ఆనించాడు. పడింది. ముందు చక్రం మీది రేకు, వెనక రేకు, కప్పు అంచు, వెనక తలుపు. గోడకేసిన గవ్వలా ఎక్కడ పెట్టినా రాలిపోవడమే. పక్క తలుపు అంచున మాత్రం ఎక్కడో లోపల్నుంచి ఎవరో పిలిచినట్టు కొంచెం లాగింది. అదీ ఆయనకి తెలిసిన లక్షణమే. పుట్టీ మందంగా ఉండి, లోపల కాస్త ఇనుము మిగిలితే అలాగే లాగుతుంది. తలుపు పక్కనున్న స్తంభానికి ఒక్కదానికే టక్కున అంటుకుంది.

ఇంత మోసం ఆయన సర్వీసులో చూడలేదు. బండి మొత్తం పుట్టీయే!

లోపల కూడా చూద్దామని తలుపు తెరవబోతే మడతబందు దగ్గర ఇరుక్కుంది. డాక్టరమ్మ వచ్చి, “అలా కాదు మామయ్యా, ఇది పైకెత్తితే మొత్తం ఊడొస్తుంది” అని, తలుపుని పైకెత్తి ఊడదీసి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని, గోడకి ఆనించి, లోపలికి తొంగిచూశాడు.

అన్నీ చూశాక చేతులు తుడుచుకుని, మేనకోడలి మొహం వైపు చూడకుండా అన్నాడు. “స్తంభం ఒక్కటే మిగిలిందమ్మా. మిగతాదంతా పుట్టీ. ఎక్కడా అంటుకోవడం లేదు. దీన్ని నమ్ముకుని వాగులోకి దిగితే మధ్యలో విడిపోతుంది.”

సెక్రటరీ ‘నేను చెప్పలేదా’ అనలేదు. అది ఆయన చేసిన మేలే. తుడుపుగుడ్డ అటూ ఇటూ మడతపెట్టి, “గురువారం పొద్దున్నే లారీ” అన్నాడు మెల్లగా.

డాక్టరమ్మ తలుపుని మళ్ళీ ఎత్తి మడతబందులో దింపింది. “సరే మామయ్యా. నువ్వు అన్నావంటే అంతే” అంది. పోట్లాడి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది.

ఇంటికొచ్చాక ఆయనకి ఏమీ తోచలేదు. టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాడు. మనసులో ఏదో నలకలా ఆడుతోంది. ఏమిటది? పాలు పోస్తూ ఆగాడు. తలుపు. ఆ తలుపుని ఆ పిల్ల ఒక్కచేత్తో ఎత్తింది. ఆయన చేతిలో పెట్టినప్పుడు, బరువుంటుందని కాళ్ళు ఎడంగా వేసి నిలబడ్డాడు, తీరా చూస్తే చాటంత బరువు కూడా లేదు. పుట్టీ అంటే బరువు. వేలంత మందాన మెత్తితే రేకుకంటే ఎక్కువే తూగుతుంది. పుట్టీతో చేసిన తలుపుని ఒంటిచేత్తో ఎత్తడమా?

అదీకాక ఆ సొట్టలు. పుట్టీ సొట్టపడదు, పగుల్తుంది. అంచులు లేస్తాయి. ఇన్ని సొట్టలున్నా ఒక్క పగులూ లేదేం? తుప్పు చార ఒక్కటైనా లేదేం?

ఆలోచిస్తూనే జేబులోని అయస్కాంతం తీసి, అలవాటుగా పక్కనున్న ఖాళీ గిన్నె మీద ఆనించాడు. అది జర్రున జారి గట్టు మీద పడింది.

పాలు కాచే సత్తు గిన్నె అది. పెళ్ళైన కొత్తలో ఆవిడ తెచ్చుకున్నది. ఎన్నిసార్లు కింద పడిందో, ఒళ్ళంతా సొట్టలు. ఎన్నేళ్ళు తడిలో ఉన్నా తుప్పు లేదు. చేత్తో ఎత్తి చూశాడు. పువ్వులా ఉంది.

“ఓరి నా తెలివి తెల్లారా!” అన్నాడు గిన్నెతో.

స్టవ్ ఆర్పి, చెప్పులేసుకుని బయల్దేరాడు. వీధి మలుపు తిరిగాక, చేతిలో గిన్నె అలాగే ఉందని చూసుకున్నాడు. వెనక్కి వెళ్ళి పెట్టిరావడానికి ఓపిక లేక దాంతోనే నడిచాడు.

“పాలు కావాలా సర్వేయరు గారూ?” అన్నాడు సెక్రటరీ గిన్నె చూసి. “సాయంత్రం గాని రావు.”

“పాలు కాదు. మీ క్యాన్లు పుట్టీతో చేసినవా?”

“ఏమిటీ?”

సర్వేయరు వరసలోని మొదటి క్యాను మీద అయస్కాంతం ఆనించాడు. పడింది. రెండోదాని మీద పెట్టాడు. పడింది. సెక్రటరీ వంగి, తనే తీసి మూడోదాని మీద పెట్టి, పడిపోతే పట్టుకున్నాడు. “ఇవి సత్తువి కదండీ. ఎలా అంటుకుంటుంది?” అంటూనే బండి వైపు తలతిప్పి చూశాడు. నోరు తెరుచుకుంది.

లోపల మందుల సీసాలు సర్దుకుంటున్న డాక్టరమ్మ ఈ అలికిడికి బయటికొచ్చింది. సర్వేయరు తాళంచెవి మొనతో బానెట్ అంచు కింద, ఎవరికీ కనిపించనిచోట, రంగు కాస్త గీకాడు. తెల్లగా, గిన్నె అడుగులా మెరిసింది.

“మామయ్యా! నువ్వు సత్తు గిన్నెని పట్టుకుని పుట్టీ అన్నావా?”

“అన్నాను. అత్తయ్య వింటే వారం రోజులు నవ్వేది.”

“నేనూ మూడు వానాకాలాలు నడిపానుగా. దీనికి తుప్పెందుకు పట్టదని ఒక్కసారైనా అనుకుంటే ఒట్టు.” ఆ అమ్మాయి అప్పటికే ఫోన్ తీసి వెతుకుతోంది. “కానీ మామయ్యా, బండిని సత్తుతో చెయ్యాలని ఎవడికి తోచిందంటావ్?”

ఆయన ప్రశ్నా అదే. ముగ్గురూ బోర్లించిన క్యాన్ల మీద కూర్చున్నారు. డాక్టరమ్మ చదువుతూ, తన మాటల్లో చెప్పుకుంటూ పోయింది.

“రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన కొత్తలోనట. ఇంగ్లండులో ఉక్కుకి కరువు, రేషనుట. కార్ల కంపెనీ పెద్ద ఇంజనీరుకి ఓ పొలం ఉండేదట. పొలం పనికి, యుద్ధంలో మిగిలిన అమెరికా జీపు వాడేవాడట. ‘ఇది అరిగిపోతే ఏం కొంటావురా?’ అని వాళ్ళ అన్న అడిగితే, ‘ఇంకో జీపే కొనాలి, వేరే ఏముంది’ అన్నాడట. అన్నాక ఇద్దరికీ సిగ్గేసినట్టుంది. సముద్రపొడ్డున ఇసుకలో బొమ్మ గీసి చూపించాడట, ఇలా ఉండాలని.”

“ఇసుకలోనా? అల వస్తే?” అన్నాడు సెక్రటరీ.

“అందుకే ఇంత మోటుగా ఉందేమో, అల వచ్చేలోపు గీశాడు” అన్నాడు సర్వేయరు.

“ఉక్కు దొరకదు, సత్తు, అదే అల్యూమినియం, దొరుకుతుంది. యుద్ధవిమానాలకని చేసింది మిగిలిపోయిందట. అందుకని ఒళ్ళంతా అదే. రేకు ఒత్తే అచ్చులు చేయించే స్తోమత లేదు, అందుకని రేకుల్ని చేత్తో వంచేట్టు బల్లపరుపుగా పెట్టారట. మొదట్లో రంగు కూడా ఒక్కటేనట. విమానాల లోపల కొట్టే ఆకుపచ్చ మిగిలితే అదే.”

“మొత్తం మిగిలినవాటితోనే వండారన్నమాట” అన్నాడు సర్వేయరు. ఆయనకి ఎందుకో ఆ మాట చాలా నచ్చింది. మిగిలినవాటితో సంసారం నడపడం ఎలాగో ఆయనకి తెలుసు.

“ఇది విను. మొదటి నమూనాకి స్టీరింగు మధ్యలో పెట్టారట, ట్రాక్టరుకి మల్లే. ఏ దేశంవాళ్ళు ఏ పక్క నడిపినా ఒకటే సరిపోతుందని.”

“అప్పుడు నడిపేవాడికి రెండుపక్కల్నుంచీ సలహాలు” అన్నాడు సెక్రటరీ. “మానేసి మంచిపని చేశారు.”

“రెండుమూడేళ్ళు అమ్ముకుని, మంచిరోజులొచ్చాక మామూలు కార్లకి పోదామనుకున్నారట. అరవై ఏడేళ్ళు చేశారట, అదే తీరున!”

“మా ఆఫీసులో టెంపరరీగా చేరిన గుమాస్తా ఉండేవాడు. మా అందరికీ పార్టీ ఇచ్చి రిటైర్ చేసి, ఆ తరవాత తను రిటైరయ్యాడు” అన్నాడు సర్వేయరు.

ముగ్గురూ నవ్వారు. సెక్రటరీ జేబులోంచి తాళాలు తీసి, ఆడిస్తూ, “అయితే బతికినట్టేనా? లారీ వద్దని చెప్పనా?” అన్నాడు.

డాక్టరమ్మ చెయ్యి చాపబోయింది. సర్వేయరు ఆ తాళాల మీద తన చెయ్యి వేశాడు.

“ఒక్క నిమిషం. అయస్కాంతాన్ని పెట్టకూడనిచోట పెట్టి ఓసారి తప్పు చెప్పాను. పెట్టాల్సినచోట ఇంకా పెట్టలేదు. ఒళ్ళు సత్తుదే, కానీ ఎముకలు?”

డాక్టరమ్మ ఫోన్ చూసింది. “కింది చట్రం మాత్రం ఉక్కేనట.”

గోనెపట్టా పరిపించుకుని ఆయన బండి కిందికి దూరాడు. మోకాళ్ళు ఏవో పాతపాటలు పాడాయి. కింద చట్రం, ముందునుంచి వెనకదాకా రెండు పొడుగు దూలాలు, మధ్యలో అడ్డపట్టీలు, నిచ్చెన పడుకోబెట్టినట్టుంది. అంతా తారు పూసి నల్లగా నిగనిగలాడుతోంది. పైన సొట్టలతో ఉన్న బండి కింద నుంచి చూస్తే కొత్త బండిలా ఉంది. అయస్కాంతం ఆనించాడు. టక్. జరిపాడు. టక్. ఆ చప్పుడు వింటే ఆయనకి ప్రాణం లేచొచ్చింది. ఎడమ దూలం చివరిదాకా వెళ్ళాడు. వెనక అడ్డపట్టీ కలిసే మూల దగ్గర అయస్కాంతం జారి, ఆయన ఛాతీ మీద పడింది.

తీసి మళ్ళీ అక్కడే ఆనించాడు. మళ్ళీ జారింది.

పైన మేనకోడలు ఇంకా చదువుతూనే ఉంది: “దీంతో కొయ్యలు కోసేవాళ్ళట, ధాన్యం నూర్చేవాళ్ళట మామయ్యా. వెనక ఓ కడ్డీ పెడితే ఇంజను యంత్రాలన్నిటినీ తిప్పుతుందట...” ఆ గొంతులో పొద్దున లేని ఉత్సాహం. తాళంచెవితో తారు గీకాడు. కింద బూడిదరంగు పుట్టీ. పొడిస్తే ముద్దగా ఊడొచ్చింది. లోపల పాత గుడ్డపీలిక కూరి ఉంది. గుడ్డ లాగితే, తుప్పు ముక్కలు టీ పొడిలా మొహమ్మీద రాలాయి. ఎవరో ఎప్పుడో ఎవరినో మోసం చేయడానికి చేసిన పని. పెద్ద డాక్టరుకీ తెలిసి ఉండదు.

కింద ఎవరూ లేరు. చూసినవాడు తనొక్కడే. పొద్దున తప్పు చెప్పి ఆ పిల్ల మొహం వాడేట్టు చేశాడు. ఇప్పుడు నిజం చెప్పినా అదే మొహం అలాగే వాడుతుంది. తారు మళ్ళీ కాస్త రాసేస్తే చాలు. ఎన్నేళ్ళు ఇలాగే నడిచిందో, ఇంకో ఏడాది నడవదా?

నడవచ్చు. నడవకపోవచ్చు. నడవకపోతే అది నడివాగులో, ఆ పిల్ల లోపల ఉండగా.

“అమ్మలూ,” అని పిలిచాడు, “ఇలా వంగి చూడు.”

డాక్టరమ్మ నేలమీద చతికిలబడి తల వంచి చూసింది. చాలాసేపు చూసింది. “పొద్దున చెడిందన్నావు. ఇందాక మంచిదన్నావు. మళ్ళీ చెడిందంటున్నావు. నీ అయస్కాంతానికి మతి ఉందా మామయ్యా?”

“దానికుంది. నాకే ఆలస్యంగా వచ్చింది. బయట బాగోలేదన్నది బాగుంది. బాగుందనుకున్నది ఇక్కడ బాగోలేదు. ఈ మూలతో నిన్ను నేను వాగులోకి పంపను.”

సెక్రటరీ తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు. ఆ చిన్న చప్పుడు అందరికీ వినిపించింది.

సర్వేయరు ఇంకా కిందే ఉన్నాడు. బయటికి రావడానికి మనసొప్పలేదు. ఊరికే వేలితో ఆ దూలం అంచుల్ని తడుముతున్నాడు. నాలుగు అంచుల వెంటా పొడుగునా అతుకు గీత తగిలింది. ఇదేమిటి? ఆయన చూసిన కార్లలో ఇలాంటివి అచ్చులో ఒత్తి, వంపులు తిప్పి చేసినవే. వాటిని ఊళ్ళో ఎవరూ బాగుచెయ్యలేరు.

“అమ్మలూ, ఆ ఫోన్లో చూడు. ఈ చట్రం ఎలా చేశారో ఉందా?”

కాసేపటికి జవాబొచ్చింది. “దీనికీ అచ్చులు లేవట మామయ్యా. సాపు ఉక్కు పట్టీలు కోసి, నాలుగు కలిపి, అంచులు వెల్డుచేసి, పొడుగు పెట్టెలా చేశారట.”

సర్వేయరు బండి కిందే పకపకా నవ్వాడు. “అంటే డబ్బు లేక చేసిన పని! పట్టీలు కోసి అతికారు. అతికినదాన్ని కోసి మళ్ళీ అతకలేమా? మిణుగురుని పిలవండి.”

మిణుగురు బజారు చివర కిటికీ ఊచలు, గేట్లు చేసే వెల్డరు. పగలు కూడా ఆయన కొట్టు ముందు నిప్పురవ్వలు ఎగురుతుంటాయని పిల్లలు పెట్టిన పేరు. వచ్చి, కింద దూరి చూసి, బయటికొచ్చి నడుం పట్టుకున్నాడు.

“ఏం సార్, ఇన్నాళ్ళూ కిటికీలు చేసిన చేత్తో బండికి వెన్నెముక వెయ్యమంటున్నారా?”

“కిటికీకంటే తేలిక. నాలుగు పలకలు, ఓ పెట్టె. నువ్వు అతుకుతూ ఉండు, నేను చూస్తూ ఉంటాను.”

“మీరు చూస్తూ ఉంటేనే భయం సార్. సరే, తుప్పు లేని ఉక్కు తగిలేదాకా కోస్తాను. మందం పలక వేస్తాను. ముందా డీజిలు టాంకు విప్పి అవతల పెట్టించండి, లేకపోతే నా పేరు నిజమైపోతుంది.”

రెండు పూటలు పట్టింది. చెడిన మూలంతా కోసి తీసేసి, దానికి కొలతకి కొలత కొత్త మూల చేసి అతికాడు. సర్వేయరు అతుకు చల్లారేదాకా ఆగి, ఒక్కో అంగుళం జరుపుతూ అయస్కాంతం పెట్టాడు. టక్. టక్. టక్. పనిలో పనిగా కుడిపక్క మూల, అడ్డపట్టీలన్నీ చూశాడు. ఎక్కడా జారలేదు. అప్పుడు బయటికొచ్చి సెక్రటరీతో, “బతుకుతుంది” అన్నాడు.

“ఈసారి గట్టిగానేనా?”

“ఈసారి నేనూ ఎక్కుతాను.”

గురువారం లారీ వచ్చింది. సెక్రటరీ దానికి చిల్లులుపడ్డ క్యాన్లు నాలుగు, విరిగిన తూకం ఒకటి ఎక్కించి పంపించేశాడు. వాటికింద నేల ఎన్నాళ్ళుగానో తుడవలేదని అప్పుడే కనిపెట్టి, గుడ్డ తెచ్చుకున్నాడు.

ఆ వేళకి బండి వాగు ఒడ్డున ఉంది. పైన వాన కురిసినట్టుంది, నీళ్ళు ఎర్రగా, జోరుగా ఉన్నాయి. డాక్టరమ్మ దిగి, కింద పడుకుని, క్లచ్చు గది అడుగునున్న కంతలో చిన్న మర బిగించింది. “సెక్రటరీ గారి పళ్ళెంలోకి నూనె కారేది ఈ కంతలోంచే. కారాలనే పెట్టారట. వాగు దాటేటప్పుడు మాత్రం మూసెయ్యాలి. పెద్ద డాక్టరు గారు నేర్పారు” అంటూ చేతులు గడ్డికి రాసుకుని ఎక్కింది. ఎర్ర బొడిపె వెనక్కి లాగింది. బండి గొంతు మారింది. నడక తగ్గింది, పట్టు పెరిగింది.

నీళ్ళు చక్రాలు ముంచాయి. తలుపు సందుల్లోంచి లోపలికొచ్చి సర్వేయరు చెప్పుల్ని పలకరించాయి. ఆయన ఒక్క చప్పుడు కోసమే చెవులు రిక్కించాడు: వెనక ఎడమ మూల. రాయి ఎక్కినప్పుడు బండి ఒరిగింది, మూలిగింది, నిలదొక్కుకుంది. ఆ మూలనుంచి మాత్రం కిక్కురుమనలేదు. అవతలి ఒడ్డెక్కాక గాని, తను ఇంతసేపూ మేనకోడలి మందులపెట్టె పట్టీని పీక పట్టుకున్నట్టు పట్టుకున్నానని ఆయనకి తెలియలేదు.

“వదిలెయ్ మామయ్యా, అది చచ్చిపోతుంది” అంది డాక్టరమ్మ.

మెట్టమీది మొదటి ఇంట్లో ఓ ఆవుకి ముళ్ళకంచె చీరి తొడ తెరుచుకుని ఉంది. డాక్టరమ్మ మత్తిచ్చి, కడిగి, కుట్టసాగింది. సర్వేయరు దీపం పట్టుకున్నాడు. భార్య బట్టలు కుట్టేటప్పుడు కూడా ఆయన ఇలాగే నిలబడేవాడు, సాయంత్రం వెలుతురు తగ్గాక. ఇంకా కొన్ని కుట్లు మిగిలి ఉండగా ఆవు కాలు విదిలించింది. సూది ఎగిరి గడ్డిలో పడింది.

“అయ్యో! ఇది గడ్డితోపాటు మింగిందంటే ఇంకో ప్రాణం మీదికొస్తుంది. ఎవరూ కదలకండి” అంది డాక్టరమ్మ.

సర్వేయరు జేబులోంచి అయస్కాంతం తీశాడు. కుట్టుదారం ముక్క అడిగి తీసుకుని, దానికి కట్టి, గడ్డిమీద మెల్లగా ఈడ్చుకుంటూ నడిచాడు. దారం ఎంత వదలాలో, ఎంత నింపాదిగా లాగాలో ఆయనకి ఎవరూ నేర్పలేదు. ఏళ్ళ తరబడి కుర్చీలోంచి చూశాడంతే. రెండో వరసలోనే చిన్న మెరుపు లేచి అంటుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఆ అయస్కాంతాన్ని బండి లోపల, స్టీరింగు ముందున్న ఇనుప పలకకి ఆనించాడు. టక్కున అంటుకుంది. సూది ఇంకా దాని కొసన ఉంది.

“మర్చిపోతావు మామయ్యా, తీసి జేబులో వేసుకో.”

“ఉండనీ. రేపటినుంచి నీకే ఎక్కువ అవసరం.”

“మరి నీకో?”

“ఇంట్లో ఇంకోటుంది” అన్నాడు సర్వేయరు. “దానికి కాసిని సూదులున్నాయి. తీసి డబ్బాలో పెట్టాలి.”

ముందు వాగు కనిపించింది. డాక్టరమ్మ ఎర్ర బొడిపె వెనక్కి లాగింది.